పెద్దక్షరాల ప్లేగు, మా ఇంటి దగ్గు

నా మాత్రలు అయిపోయి ఏడాది దాటింది. ఇప్పుడు పొద్దంతా మగ్గం మీద కూర్చున్నా ఆయాసం రావడం లేదు. ఈ మధ్య మా వీధిలో ఎవరికి దగ్గు తగ్గకపోయినా మా ఇంటికి వస్తున్నారు. లోపలికి రారు. గడప దగ్గరే నిలబడి, "రాములన్నా, నీకు ఎట్ల మొదలైంది?" అని మెల్లగా అడుగుతారు. ఒక్కొక్కరికి మొదటినుంచి చెప్పే బదులు రాసి ఇవ్వమని, దాన్ని గ్రంథాలయంలో పెడతానని, గ్రంథాలయం చూసుకునే సత్తయ్య సారు అన్నారు. అందుకని రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. ఏడో తరగతి దాకా బడికి పోయాను. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో మూడు బీరువాల ముందు కూర్చుని నేర్చుకున్నదే. ఆ చదువంటే నాకు ఈరోజుకూ గర్వమే. అయితే ఆ చదువే నా చేత ఏమేం చేయించిందో దాచిపెట్టి మిగతాది రాస్తే, చదివేవాళ్లకు పనికిరాదు.

1994, వానాకాలం

మా ఊరు మర్రిగూడకు దగ్గర. నల్లగొండకు బస్సులో రెండు గంటలు. మావి అరవై దాకా చేనేత ఇళ్లు. పొద్దున ఏడున్నరకు మొదటి బస్సులో పేపరు వస్తుంది. గ్రంథాలయం అరుగు మీద నేను నిలబడి చదువుతాను, టీ గ్లాసులు పట్టుకుని మావాళ్లు వింటారు. పదేళ్లుగా ఇదే పద్ధతి. టీ అయిపోయేదాకానే వార్తలు. ఆ తరువాత ఎవరి మగ్గానికి వాళ్లు పోవాలి. అందుకని నేను మొదటి పేజీలో పెద్దక్షరాలు చదివి, కింద రెండు మూడు వాక్యాలు చదివి ఆపేసేవాణ్ని. లోపలి పేజీలు వినడానికి ఎవరూ మిగిలేవారు కాదు. నాకు గొంతు బాగుంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ పెంచాలో తెలుసు. మధ్యమధ్య నేను పుస్తకాల్లో చదివినవి కలిపి చెప్పేవాణ్ని. "రాములు సదివితే సినిమా సూసినట్టుంటది" అని నర్సింహ తాత అనేవాడు. ఆ మాట విన్నరోజు నాకు అన్నం ఎక్కువ పోయేది.

ఆ ఆషాఢంలో నాకు దగ్గు మొదలైంది. పత్తి నూగు గొంతులో పడిందనుకున్నాను. మగ్గం పనివాళ్లకు అది మామూలే. దుకాణంలో తీయటి మందు సీసా ఒకటి తెచ్చి తాగాను. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. తెల్లారేసరికి బనీను తడిసిపోయి ఉండేది. నా భార్య పద్మ రెండుసార్లు అంది, "ఒక్కసారి దవాఖానకు పోయి సూపిచ్చుకోరాదూ?" అని. "నూగు దగ్గుకు దవాఖాన ఎందుకు?" అన్నాను. మా బిడ్డ రమకు అప్పుడు నాలుగేళ్లు. నా గుండెల మీద పడుకుంటే తప్ప దానికి నిద్ర రాదు. మూడు నెలలు దాన్ని అట్లాగే పడుకోబెట్టుకుని, దాని నెత్తి మీదుగా దగ్గాను.

1994, సెప్టెంబరు చివర

సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్త అరచేయి వెడల్పు అక్షరాల్లో వచ్చింది. చదవడానికి నోరు తెరవకముందే మావాళ్లు పేపరు చూసి దగ్గరికి జరిగారు. మా ఊరి పిల్లలు పదిహేను మంది దాకా సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేస్తున్నారు. వాళ్లలో మా బామ్మర్ది శంకర్ ఒకడు, పద్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

నేను వార్త చదివాను. చదివి ఊరుకుంటే బాగుండేది. గ్రంథాలయంలో అట్ట చినిగిన వైద్యం పుస్తకం ఒకటుంది. అందులో ప్లేగు గురించి నాలుగు పేజీలు ఉన్నాయి. అవి నాకు నోటికి వచ్చు. ఊళ్లకు ఊళ్లు ఎట్లా ఖాళీ అయ్యాయో, దగ్గుతో వచ్చే ప్లేగు తగిలినవాడు మూడో రోజు ఎందుకు చూడడో అన్నీ చెప్పాను. ఎవరూ టీ ముట్టుకోలేదు. మగ్గం మాట ఎవరికీ గుర్తు రాలేదు. నా గొంతు ఆ రోజు నాకే చాలా బాగా వినిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

మరో రెండు రోజులకు ఇంకో వార్త. అది ప్లేగేనని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు, పరీక్షలు పూర్తి కాకుండా అట్లా చెప్పలేమని ఇంకొందరు అంటున్నారు. నేను పేపరు మడిచి, "సైంటిస్టులకే తెలుస్తలేదు, ఇగ మనకేం తెలుస్తది" అన్నాను. అందరూ నవ్వారు.

"అయితే నువ్వే నయం రాములూ, నీకు మొదటిరోజే తెలిసింది" అన్నాడు నర్సింహ తాత.

అది పొగడ్తే అనుకున్నాను.

ఆ వారంలోనే శంకర్ బస్సు దిగాడు. చేతిలో రేకు పెట్టె, రమకోసం తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మ. బస్సు దగ్గరే పెద్దమనుషులు ఆపేశారు. నన్ను పిలిపించారు.

"పుస్తకంల ఏమున్నది రాములూ? ఎన్నొద్దులు దూరం పెట్టాలె?"

"పది రోజులు" అన్నాను. పుస్తకంలో అట్లా లేదు. గుండ్రటి సంఖ్య కనుక నోట్లోంచి వచ్చింది.

శంకర్ నా వైపే చూస్తున్నాడు. "బావా, రైల్వే టేషన్ల డాక్టర్లు సూసే పంపిండ్రు. నాకు జరం లేదు, దగ్గు లేదు."

"తెలుసురా. అయినా జర ఓపిక పట్టు."

ఊరి బయట చేనేత సంఘం వాళ్ల పాత అద్దకం షెడ్డు ఉంది. రంగు తొట్లు తప్ప అందులో ఏమీ లేవు. అక్కడ ఉండమన్నారు. రమ "మామా" అంటూ ఉరికింది. నేను దాని రెక్క పట్టుకుని ఆపి, ఎత్తుకుని గుండెకు హత్తుకున్నాను. అప్పుడే దగ్గు తెర వచ్చింది. దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని దగ్గాను.

పద్మ నాతో మాట్లాడడం మానేసింది. పొద్దూ మాపూ తమ్ముడికి గిన్నెలో అన్నం తీసుకుపోయి, షెడ్డు ముందు బండ మీద పెట్టి వెనక్కి జరిగేది. వాడు వచ్చి తీసుకునేవాడు. నేను కూడా ఒక సాయంత్రం వెంట పోయాను. కాస్త దూరంగా నిలబడి, వాడికి పొద్దు పోదు కదా అని పేపరులో సంగతులు చెప్పబోయాను. రెండు మాటలకే దగ్గు వచ్చింది.

"బావా, గీ దగ్గు ఎన్నొద్దులసంది?" అని అడిగాడు వాడు గిన్నె కింద పెట్టి.

"పత్తి నూగు."

"పొద్దుమీకితే జరం వస్తుందా? రాత్రి చెమటలు పడుతున్నయా?"

"నీకెట్ల తెలుసు?"

"మా రూముల ఇద్దరికి గిదే. ఒకడు ఆర్నెల్లు గోలీలు మింగిండు. ఇప్పుడు నాకంటే ఎక్కువ మగ్గాలు నడుపుతుండు."

"ఇంకొకడు?"

"వాడు నడుమల్నే ఆపిండు." గిన్నె పక్కకు జరిపి అన్నాడు, "నల్లగొండకు పోదాం పా బావా. తెమడ పరీక్ష చేస్తరు."

నాకు కోపం వచ్చింది. ఊరందరికీ చదివి చెప్పే నాకు, నాలుగో తరగతిలో బడి మానేసినవాడు, ఊరు బయట పెట్టినవాడు చెప్పడమేమిటి అనిపించింది. "ముందు నీ పది రోజులు కానియ్యి" అని వచ్చేశాను.

1994, అక్టోబరు

శంకర్ షెడ్డులోకి పోయి తొమ్మిదో రోజు. నేను అరుగు మీద నిలబడి పేపరు చదువుతున్నాను. దగ్గు తెర వచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. తీసేసరికి రుమాలు మీద ఎర్రటి మరక. దాన్ని మడవకముందే ముందు వరుసలో ఉన్న నలుగురు చూశారు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరే లేచి పోయారు. తాగని టీ గ్లాసులు అరుగు మీద వరుసగా ఉండిపోయాయి. నర్సింహ తాత మాత్రం పది అడుగులు పోయి వెనక్కి తిరిగి, "ఇంటికి పో బిడ్డా" అన్నాడు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. సూరత్ ప్లేగు బామ్మర్ది తెచ్చిండట, బావకు అంటిందట. రెండు ఇళ్లవాళ్లు పిల్లల్ని చుట్టాల ఊళ్లకు పంపించారు. ఆ భయంలో ప్రతి మాటా నాదే. దగ్గుతో వచ్చే ప్లేగు, మూడో రోజు చూడడు. నా నోట్లోంచి పోయినవే తిరిగి మా ఇంటికి వచ్చాయి. నాకూ మూడు రోజులే మిగిలాయా అని ఆ సాయంత్రం లెక్క పెట్టుకున్నాను. పుస్తకం నమ్మినవాళ్లలో అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే.

అవి బతుకమ్మ రోజులు. సాయంత్రం పద్మ బతుకమ్మ పేర్చుకుని పోతే, ఆడవాళ్లు చప్పట్లు ఆపి జరిగి చోటిచ్చారట. అక్కడ ముగ్గురు నిలబడేంత చోటు. పద్మ ఆ చోటులోనే నిలబడి ఆడి వచ్చింది. ఇంటికి వచ్చాక నాకు చెప్పలేదు. తరువాత ఎప్పుడో పక్కింటి అంజమ్మ చెప్పింది. రెండో రోజు అంజమ్మ తన బతుకమ్మను తెచ్చి పద్మ బతుకమ్మ పక్కన పెట్టి, పద్మ చేయి పట్టుకుందట. ఆ సంగతి మాత్రం పద్మే చెప్పింది.

రుమాలు మీద మరక పడ్డ మరునాడే శంకర్ షెడ్డు తలుపు తీసుకుని వచ్చేశాడు. పది రోజులు ఇంకా కాలేదని ఎవరో అన్నారు. "అయితే నాతోని నడువుండ్రి, దవాఖానల లెక్క పెడుదాం" అన్నాడు. వాడి వెంట ఎవరూ రాలేదు. బస్సులో మేమిద్దరం కూర్చున్న సీటు ముందూ వెనకా ఖాళీ.

నల్లగొండ దవాఖాన

టీబీ రోగుల్ని చూసే చోట పొడుగాటి వరండా, గోడ పొడుగునా బల్లలు. నలభై మంది దాకా కూర్చున్నారు. చాలాసేపటికి గాని నాకు ఒక సంగతి అర్థం కాలేదు. అంత మంది దగ్గు రోగులు ఉన్నచోట ఎక్కడా దగ్గు వినబడదు. అందరం ఆపుకుంటున్నాం. ముఖాలు ఎర్రబడుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దగ్గితే పక్కవాడు ప్లేగు అనుకుంటాడని ప్రతివాడికీ భయం. తెమడ డబ్బాలు పంచే అతను వచ్చి చూశాడు.

"ఏందయ్యా, దగ్గు రోగమని వచ్చి మౌనవ్రతం పట్టిండ్రు? దగ్గుండ్రి. దగ్గకుంటే నేనేం పరీక్ష చేయాలె?"

ఒకామె ఫక్కున నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది. ఆ వెంటనే వరండా అంతా దగ్గులే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. శంకర్ వీపు రాస్తున్నాడు. పది రోజులు నేను దూరం పెట్టిన చేయి అది.

మూడుసార్లు తెమడ తీసుకున్నారు. ఛాతీ ఫోటో తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, గొంతు మాత్రం పెద్దది.

"ప్లేగు కాదు. టీబీ. క్రిములు బాగానే కనబడ్డాయి. మందులు ఎనిమిది నెలలు."

టీబీ అంటే క్షయ అని నాకు తెలుసు. అదే పుస్తకంలో ప్లేగు తరువాత ఆరు పేజీలకు క్షయ ఉంది. కొండ గాలి, పాలు, గుడ్లు, ఏళ్లకేళ్లు పడక, అయినా దేవుడి దయ అని రాసి ఉంది.

"ఎన్నేండ్లు బతుకుతనమ్మా?" అన్నాను.

"అదేం మాట? మందులు మింగితే ముసలివాడివయ్యేదాకా బతుకుతావు."

"పుస్తకంల గట్ల లేదు."

ఆమె రాయడం ఆపింది. "ఏ పుస్తకం? ఎప్పుడు అచ్చయింది?"

నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా పుస్తకాలు చదువుతున్నాను, అచ్చయిన సంవత్సరం ఒక్కనాడూ చూడలేదు. అది చూడవలసిన సంగతేనని కూడా తోచలేదు. ఆమె మాత్రల చీటీ రాసింది. తరువాత అడిగింది.

"ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?"

అప్పటిదాకా నా చావు గురించే ఆలోచిస్తున్నాను. ఆ క్షణం నుంచి నా గురించి భయం పోయింది. "నాలుగేండ్ల బిడ్డ" అన్నాను. "ఎవరి పక్కన పడుకుంటుంది?" అని ఆమె అడిగింది. నేను మాత్రల చీటీ మడత పెడుతున్నాను. శంకర్ చెప్పాడు.

మూడు రోజులు

మరునాడు రమను, పద్మను తీసుకుని పోయాం. పద్మ ఛాతీ ఫోటోలో ఏమీ లేదు. రమ మోచేతి కింద చర్మంలో సన్నటి సూదితో మందు ఎక్కించారు. మూడో రోజు తీసుకురమ్మన్నారు.

"ఇప్పుడే చెప్పరాదామ్మా?" అన్నాను.

"ఇప్పుడు చెప్పమంటే అబద్ధం చెప్పాలి. ఒంట్లో క్రిమి చేరిందా లేదా అన్నది ఈ చర్మమే చెప్పాలి. దానికి మూడు రోజులు పడుతుంది. నాకు తెలియనిది తెలియదనే చెబుతాను."

సైంటిస్టులకే తెలుస్తలేదు అని అరుగు మీద నేను నవ్వించిన మాట అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లూ ఎక్కడో ఇట్లాగే మూడో రోజు కోసం చూస్తూ ఉండి ఉంటారు. పేపరు మాత్రం రోజూ తెల్లారేసరికి రావాలి. ఆ రోజుకు ఏదో ఒకటి పెద్దక్షరాల్లో ఉండాలి.

ఆ మూడు రోజులు నేను ముందు గదిలో ఒక్కణ్నే పడుకున్నాను. రమ లోపలి గదిలో ఏడ్చేది, బాపు దగ్గర పండుకుంటనని. తలుపు అవతల పద్మ సముదాయిస్తున్న గొంతు వినబడేది. నా తిండి గిన్నె గడప దగ్గర పెట్టేది. షెడ్డు ముందు బండ మీద పెట్టినట్టే పెట్టేది.

రెండో రోజు సత్తయ్య సారు వచ్చారు. ముక్కుకు రుమాలు కట్టుకుని వస్తారనుకున్నాను. కట్టుకోలేదు. చేతిలో ఒక కట్ట, నెల రోజుల పేపర్లు. దాని మీద ఆ వైద్యం పుస్తకం. "పొద్దు పోవాలె కదా రాములూ. ఈసారి లోపలి పేజీలు గూడ సదువు" అన్నారు.

ముందు పుస్తకం తెరిచాను. అట్ట వెనక రెండో కాగితం మీద కింద సన్నటి అక్షరాల్లో సంవత్సరం ఉంది. మా బాపుకు పెళ్లికాక ముందు అచ్చయిన పుస్తకం అది. ఈ మాత్రలేవీ అప్పటికి ఎవరికీ తెలియవు. పుస్తకం రాసినాయన అబద్ధం రాయలేదు. ఆయన కాలానికి అది నిజం. నేను దాన్ని నా కాలానికి తెచ్చి అరుగు మీద పెట్టాను.

తరువాత పేపర్లు చదివాను, ఒక్కో రోజుదీ చివరి పేజీ దాకా. నేను గొంతు పెంచి చదివిన రోజునే నాలుగో పేజీలో ఒక డాక్టరు రాసిన ముక్క ఉంది. తొందరగా గుర్తిస్తే ప్లేగుకు మామూలు మాత్రలతోనే నయమవుతుందని, భయపడి పరుగెత్తవద్దని. అది మా అరుగు మీద ఎవరూ వినలేదు. ఇంకో రోజు లోపల, ఒక ఊళ్లో అనుమానంతో ఆపినవాళ్లకు పరీక్షలో ప్లేగు లేదని తేలిందని ఉంది. అది నాలుగు వరుసల వార్త. మొదటి పేజీలో వాళ్లను ఆపారన్న వార్త మాత్రం అరచేయి వెడల్పు. పేపరువాళ్లు రెండూ వేశారు. ఏది ఎంత పెద్దగా వేయాలన్నది వాళ్లు చూసుకున్నారు. ఏది చదవాలన్నది నేను చూసుకున్నాను.

మూడో రోజు డాక్టరమ్మ రమ చేయి వెలుతురుకు తిప్పి, చిన్న స్కేలు పెట్టి కొలిచింది. సూది గుచ్చిన చోట ఎర్రగా, గట్టిగా ఉబ్బి ఉంది. ఛాతీ ఫోటోలో కూడా ఊపిరితిత్తి మొదలు దగ్గర చిన్న నీడ ఉందని చెప్పింది. "మొదట్లోనే దొరికింది. పిల్లలకు తొందరగా నయమవుతుంది. ఆరు నెలలు మందులు" అంది.

బస్సులో పద్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రమ దాని ఒడిలో నిద్రపోయింది. సగం దారిలో పద్మ నా వైపు చూడకుండానే అంది.

"మా తమ్మున్ని పది రోజులు ఊరవతల పండబెట్టినవ్. బిడ్డను మాత్రం పక్కల పండబెట్టుకున్నవ్."

శంకర్ వెనక సీటులోంచి, "అక్కా, ఇగ ఊకో. దొరికింది గదా" అన్నాడు.

1994 చివర, 1995 మొదలు

శంకర్ సూరత్‌కు పోలేదు. పండుగ దాటాక పోతానని, తరువాత ఇంకో నెల అని, నా మగ్గం మీద వాడే కూర్చున్నాడు. పవర్‌లూమ్‌కు అలవాటైన చేతులు. మొదట్లో అటూ ఇటూ పోయే నాడె విసిరితే దారం తెగేది. "కరెంటు లేని మగ్గం గిదేం మగ్గం బావా" అని తిట్టుకునేవాడు. నేను మంచం మీద నుంచి పడుగు ఎట్లా చూసుకోవాలో చెప్పేవాణ్ని. నేను మళ్లీ ఏదో ఒకటి నేర్పగలుగుతున్నానని లోపల సంతోషంగా ఉండేది.

మాత్రలు మొదలైన కొత్తలో మూత్రం ఎర్రగా వచ్చింది. చచ్చిపోతున్నాననుకున్నాను. అది మందు రంగేనని డాక్టరమ్మ ముందే చెప్పింది, భయంలో మరిచిపోయాను. రమకూ అదే. అది మాత్రం, "బాపూ, నాది గూడ నీ లెక్కనే" అని మురిసిపోయింది. మీలో ఎవరికైనా అట్లా వస్తే భయపడకండి.

రెండు నెలలకు నా తెమడలో క్రిములు కనబడలేదు. ఒంటికి కండ పట్టింది. అసలు ప్రమాదం అప్పుడే వస్తుంది. బాగున్నాను కదా, ఇంకా ఈ కడుపులో తిప్పే గోలీలు ఎందుకు అనిపిస్తుంది. అదే రోజుల్లో పేపరులో ఒక ప్రకటన చూశాను. తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ, మెడలో డాక్టరు గొట్టం, పక్కన సీసా. ఎంత ముదిరిన క్షయ అయినా ఇరవై రోజుల్లో మాయమని, విజ్ఞాన శాస్త్రం ఒప్పుకుందని రాసి ఉంది. దాన్ని చించి దిండు కింద పెట్టుకున్నాను. ఇంత జరిగాక కూడా.

పద్మ పక్క దులుపుతుంటే దొరికింది. దానికి అక్షరాలు రావు. తమ్ముడితో చదివించుకుంది. శంకర్ కూడబలుక్కుంటూ చదివాడు.

"గిది గూడ అచ్చయింది గదా. మింగుతవా?" అని అడిగింది పద్మ.

నేను ఆ ముక్క అందుకోబోతే చేయి వెనక్కి తీసుకుంది.

"మా రూముల రెండోవాడు గిట్లనే రెండు నెలలకు ఆపిండు బావా" అన్నాడు శంకర్. "మంచిగనే ఉన్నడు నాలుగు నెలలు. మల్ల మొదలైనంక ఆ గోలీలే పనిజేయలే. నేనే తీస్కపోయిన రైలుల, వాళ్ల ఊరికి." రైలులోనే అయిపోయిందో, ఊళ్లోనో వాడు చెప్పలేదు. మేము అడగలేదు.

ఆ రోజు నుంచి మాత్రలు పద్మ చేతిలో ఉండేవి. పొద్దున నన్నూ రమనూ పక్కపక్కన కూర్చోబెట్టి మింగించేది. "ఎవరు ముందు మింగుతరో సూస్త" అనేది. రమే గెలిచేది. నాతో పద్మ మళ్లీ మాట్లాడడం అట్లా మొదలైంది, మాత్రల దగ్గర.

క్రిములు లేవని తేలిన వారానికి నేను మళ్లీ అరుగు మీదికి పోయాను, శంకర్‌ను వెంటబెట్టుకుని. మావాళ్లు కొంచెం దూరంగా కూర్చున్నారు. పేపరు తెరవకముందే చెప్పాను.

"సూరత్ నుంచి శంకర్ ఏ రోగం తేలేదు. అప్పటికే మూడు నెలలసంది రోగం నాకే ఉండె. నా బిడ్డకు గూడ నేనే అంటించిన. పది రోజులు దూరం ఉండవలసింది వాడు గాదు. ఆ పది రోజుల లెక్క గూడ నేను నోటికొచ్చినట్టు చెప్పిందే."

నర్సింహ తాత టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు, "అయితే మమ్ములందర్ని ఉత్తగనే బెదిరిచ్చినవన్నట్టు."

"అవును తాతా."

"సరే. సదువు మల్ల. ఈసారి బెదిరియ్యకుండ సదువు."

ఆ రోజు లోపలి పేజీలు చదివాను. ఆరోగ్యం ముక్క ఉంటే ఎవరు చెప్పారు, ఏం పరీక్ష చేసి చెప్పారు, ఇంకా తేలనిది ఏమిటి అన్నది విడిగా చెప్పాను. సినిమాలాగా లేదు. "టీ సల్లారిపాయె, నువ్వింక సదువుతనే ఉన్నవ్" అని గొణిగాడు తాత. అయినా లేచి పోలేదు. ఇప్పుడు టీ రెండుసార్లు వస్తుంది.

చలి తగ్గాక శంకర్ సూరత్ పోయాడు. బస్సు దగ్గరికి వచ్చినవాళ్లలో, ఆనాడు వాణ్ని ఆపిన పెద్దమనుషులు ఇద్దరు ఉన్నారు. ఒకాయన రేకు పెట్టె తీసుకుని బస్సు మీదికి అందించాడు.

1995, జూన్

రమ మందులు ముందే అయిపోయాయి. నావి అయిపోయాక ఇద్దరికీ కలిపి చివరి పరీక్షలని పిలిచారు. ఆ ఎనిమిది నెలల్లో నెల నెలా నల్లగొండ పోవడం నాకు భయం, రమకు పండుగ. కిటికీ సీటు, దవాఖాన బయట హోటల్లో ఇడ్లీ, డబ్బాలు పంచే అతను దాని పేరు పెట్టి పిలవడం. తయారవుతుంటే ఆ రోజు కొత్త గౌను వేయమని మారాం చేసింది. పద్మ వేసింది. బిడ్డ ఛాతీలో ఆ నీడ పోయిందా లేదా అన్నది ఒక్కటే నా దిగులు. నాది ఎట్లున్నా సరే అనుకున్నాను.

డాక్టరమ్మ రమ పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన వెలుతురుకు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. మెల్లగా చూస్తుందంటే సరిగ్గా చూస్తుందని అప్పటికి నాకు తెలుసు. అయినా మనసు కుదురుగా లేదు. తరువాత నా ఫోటో, తెమడ కాగితం చూసింది.

"నీడ లేదు. పాపకు పూర్తిగా నయమైంది. నీకూ అంతే. ఇంక మీరు రావద్దు" అంది.

పద్మ నా చేయి పట్టుకుంది. నలుగురి ముందు ఎన్నడూ పట్టుకోని మనిషి.

"వచ్చే నెల గూడ రావద్దా?" అని అడిగింది రమ.

"వద్దు. ఎప్పుడూ రావద్దు" అని నవ్వింది డాక్టరమ్మ.

రమ మొఖం చిన్నబోయింది. బయటికి వచ్చి వరండాలో అడుగు పెట్టగానే వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఇడ్లీ తినిపిస్తానన్నా ఆగదు. బల్లల మీద ఉన్న రోగులంతా మా వైపు తిరిగారు. కొత్త గౌను వేసుకున్న చిన్నపిల్ల డాక్టరు గదిలోంచి ఏడుస్తూ వస్తే వాళ్లు ఏమనుకుంటారు? పద్మ కూడా కళ్లు తుడుచుకుంటోంది.

మొదటి బల్ల మీద కూర్చున్న ముసలామె అడిగింది. "అయ్యో, ఏమన్నరు బిడ్డా? బాగ లేదన్నరా?"

ఆమె పక్కనున్నామె తన పక్కామె చెవిలో ఏదో చెప్పింది. అది బల్ల మీద నుంచి బల్ల మీదికి పోవడం నాకు కనబడుతూనే ఉంది. నేను పది అడుగులు వేసేలోపు అది వరండా చివరికి చేరింది. అక్కడ ఒకతను మందుల చీటీ ఒళ్లో పెట్టుకుని తల పట్టుకున్నాడు. పక్కన అతని కొడుకు, రమ ఈడువాడే.

నేను ఆగిపోయాను. అరుగు మీద పేపరు చదివే గొంతు తీశాను.

"మా ఇద్దరికీ నయమైందట. ఇగ రావద్దన్నరు. బస్సు ఎక్కేది లేదని మా బిడ్డ ఏడుస్తాంది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంబడి దగ్గులు మొదలయ్యాయి.

ముసలామె నా చొక్కా అంచు పట్టి లాగింది. "మల్లొకపారి జెప్పు బిడ్డా, జర గట్టిగ. ఆ చివరోళ్లకు ఇనబడలే."

చివర చీటీ ఒళ్లో పెట్టుకున్నతను ఇంకా తల ఎత్తలేదు. రమను ఎత్తుకుని వరండా చివరిదాకా నడిచాను. అతని ముందు నిలబడి మళ్లీ చెప్పాను.